రిజిస్టర్ మ్యారేజీ

విడాకులు తీసుకుందామని నేనూ శంకరూ ఒప్పుకోవడానికి మారికుప్పం స్టేషన్ బయట ఒక టీ తాగినంత సేపు పట్టింది. ఆ ఒప్పుకున్న సంగతిని కాగితాల మీదికి తేవడానికి ఎండాకాలమంతా పట్టింది. పెళ్ళప్పుడు మమ్మల్ని ఎవరూ ఒక్క కాగితం అడగలేదు. జాతకాలు చూశారు, కుదిరిందన్నారు, మండపం మాట్లాడేశారు. విడిపోతామనేసరికి మాత్రం, అసలు మీకు పెళ్ళయిందని రుజువేంటని అడగడం మొదలుపెట్టారు.

నేను బెంగళూరులో ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. చీకటి ఉండగానే మారికుప్పంలో రైలెక్కుతాను, రాత్రికి మళ్ళీ అక్కడే దిగుతాను. ఆ రైల్లో మా ఆడవాళ్ళ మాటలకు తట్టుకోలేక, కునుకు తీద్దామని వచ్చిన మగవాళ్ళు లేచి వేరే పెట్టెకు పోతారు. అంత వాగుడు నాది. శంకర్‌ది సుగటూరు. కోలారు పక్కన తమకలో నట్లూ బోల్టులూ చేసే చిన్న ఫ్యాక్టరీలో మెషిన్ మీద పని. నన్ను ఏనాడూ కొట్టలేదు, తాగి రాలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. మెల్లగా కూడా అనలేదు, అదే నా బాధ. ఒక ఉగాదికి కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడి ఎట్లా ఉందని అడిగితే, తలెత్తి నా వెనకాల ఫ్యాను వైపు చూసి, "తిరుగుతానే ఉండాది కదా" అన్నాడు. ఫ్యాను సంగతి ఎవరడిగారు?

పిల్లలు కూడా లేని ఆ ఇంట్లో నా గొంతు ఒక్కటే వినీ వినీ నాకే విసుగొచ్చింది. నాలుగేళ్ళ కిందట సంచి సర్దుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను.

మా అమ్మ ఆదిలక్ష్మమ్మ మారికుప్పంలో కోలారు బంగారు గని పాత క్వార్టర్స్‌లో ఉంటుంది. మా తాతల కాలంలో ఆంధ్ర నుంచి గని పనికి వచ్చిన కుటుంబం మాది. మా నాయన గోవిందప్ప అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు, గని మూసేశాక కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత పోయాడు. ఆయన కూడా మాట్లాడే మనిషి కాదు. షిఫ్టు నుంచి వచ్చేవాడు, స్నానం చేసేవాడు, పెట్టింది తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అందుకే అమ్మకు నా బాధ బాధలాగే కనిపించలేదు. మీ నాయన మాట్లాడినాడా, నేను కాపురం చేయలేదా అనేది. నోరు లేని మొగుడు దొరకాలని ఆడవాళ్ళు ఉపవాసాలుంటారని, నాకు ఊరికే దొరికితే విలువ తెలియడం లేదని సెలీనా అక్కతో చెప్పుకునేది. సెలీనా అక్క మా పక్కింటామె. వాళ్ళదీ గని కుటుంబమే, కాథలిక్కులు. నాకోసం శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన చేస్తున్నానని కనిపించినప్పుడల్లా చెప్పేది.

విడాకులన్న మాట ఎత్తగానే అమ్మ టీవీ సౌండు పెంచేది. ఒకసారి మాత్రం సౌండు తగ్గించి, నా మొహంలోకి చూసి, "ఆ కాగితం మీద సంతకం చేసిన దినం నుంచి నువ్వు నా కూతురు కాదు" అంది. కోపంతో అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. కానీ శాంతంగా అంది. నాకు ఈ విడాకులు కావాలి, మా అమ్మ కూడా కావాలి. ఒకటి చేతికొచ్చేలోపు రెండోది జారిపోతుందేమోనన్న భయం ఆ ఎండాకాలమంతా నన్ను వదల్లేదు.

కోలారులో లాయరు శ్రీరామప్ప దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాము. మిఠాయి అంగడి మీద మేడ గది ఆయనది, నేతి వాసనకే సగం గొడవలు సర్దుకుంటాయని ఆయనే జోకు వేశాడు. కాగితం తీసి, మీ ఆయన పేరేంటమ్మా అని నన్ను అడిగాడు. నాకు నోరు రాలేదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని అమ్మ పెళ్ళికి ముందే నేర్పింది, అందుకని ఇన్నేళ్ళూ "ఇదో" అనే పిలిచాను. లాయరు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. ఇంకేం చేయను, "శంకర్" అన్నాను. పక్క కుర్చీలో ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. చెప్పాక చూస్తే నాలుక్కి హాయిగా ఉంది, ఆ రోజు నుంచి అలాగే పిలవడం మొదలుపెట్టాను.

లాయరు అడిగినవాటిలో ఆధార్ జెరాక్సులూ, శంకర్ తమకలో ఉంటున్న ఇంటి అద్దె అగ్రిమెంటూ సులువుగానే దొరికాయి. దొరకనిది మా పెళ్ళిపత్రిక. కట్టలు కట్టలు అచ్చువేయించి ఊరూరా పంచాము, తీరా మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. అమ్మ పెట్టెలో ఉందేమో అడిగితే టీవీ సౌండు పెరిగింది. అప్పుడు శంకర్ తనంతట తానే, సుగటూరులో మా పెదనాయన ఓబలప్ప దగ్గర ఉంటుందేమో చూద్దాం రా అన్నాడు. అది నేను ఆయన నోట విన్న పెద్ద వాక్యాల్లో ఒకటి.

బైకు మీద పోతున్నంత సేపూ ఆయనే మాట్లాడాడు. ఓనరు మెషిన్‌కు ఆయిలు పోయించకుండా పని మాత్రం తొందరపెడతాడని చెప్పాడు. అద్దె ఇంట్లోకి ఒక పిల్లి వస్తుందని, దానికోసం పాలు తెస్తున్నానని చెప్పాడు. ఉప్పిండి చేయడం నేర్చుకున్నానని, రెండుసార్లు అడుగంటిందని, మూడోసారి బాగా వచ్చిందని చెప్పాడు. వెనక కూర్చుని వింటున్న నాకు ఇది మా ఆయనేనా అనిపించింది. ఇన్ని కబుర్లు ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిపెట్టుకున్నావని అడగబోయి, అడిగితే మళ్ళీ ఆగిపోతుందేమోనని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం కూడా అదే మొదలు.

పత్రిక నిజంగానే ఓబలప్ప ఇంట్లో ఉంది, దేవుడి గూట్లో. దాని మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ అచ్చయి ఉండడంతో, దేవుణ్ణి చెత్తలో వేస్తామా అని ఆయన గూట్లో నిలబెట్టాడు. ఇన్నేళ్ళూ మా పెళ్ళిపత్రికకు రోజూ అగరుబత్తి వెలిగించి, పండగలకు బొట్టు పెట్టాడు. ఎందుకు కావాలో దాచకుండా చెప్పాము. ఆయన కాసేపు స్వామి వైపు చూశాడు, కాసేపు మా వైపు చూశాడు. స్వామికి ఈ సంగతి తెలియనీయకుండా తీసుకుపొండి, పనయ్యాక తెచ్చి పెట్టండి అన్నాడు. అని రాగిముద్ద, ఆకుకూరల మసొప్పు పెట్టి పంపాడు.

పత్రిక దొరికిందని సంతోషపడేలోపే అసలు చిక్కు అందులోంచే వచ్చింది. మా కోలారు వైపు రిసెప్షన్ పెళ్ళికి ముందురోజు సాయంత్రమే అయిపోతుంది. తాళి కట్టకముందే ఇద్దరినీ పెద్ద కుర్చీల్లో కూర్చోబెడతారు. ఊరంతా వచ్చి ఫొటోలు దిగి, భోంచేసి పోతారు. తెల్లవారి ముహూర్తానికి మిగిలేది దగ్గరి చుట్టాలే, వాళ్ళూ ఆవలిస్తూ అక్షింతలు వేస్తారు. పత్రికలో కూడా రిసెప్షన్ తేదీ పెద్ద అక్షరాల్లో, ముహూర్తం తేదీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. శంకర్ దృష్టిలో పదిమందీ వచ్చిన రోజే పెళ్ళి, ఫ్యాక్టరీ కాగితాల్లో ఆ తేదీనే రాయించాడు. నా లెక్క తాళి కట్టిన రోజుది, నా ఇన్సూరెన్సులో ఆ తేదీ ఉంది. అసలు ప్రతి ఏడూ ఆయన ఒక రోజు ముందు మైసూర్‌పాక్ తెచ్చి మాట్లాడకుండా బల్ల మీద పెట్టేవాడు. నేను మరుసటి రోజు ఎదురుచూసి, ఏమీ తేలేదని ఏడ్చేదాన్ని. ఆ మైసూర్‌పాక్ ఎందుకో నాకు లాయరు ఆఫీసులోనే తెలిసింది. తెలిసి నవ్వాను, నవ్వుతూనే ఆయన మీద నాకు చాలా జాలి వేసింది, నా మీద కూడా.

శ్రీరామప్ప రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని, ఏమ్మా, రెండు పెళ్ళిళ్ళకు రెండు విడాకులు అడగమంటారా అన్నాడు. జడ్జి ముందు తేదీ దగ్గర తడబడకుండా ఉండాలంటే ఒకటే దారి ఉందన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళిని ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోండి, సర్టిఫికెట్‌లో ఏ తేదీ ఉంటే అదే తేదీ అన్నాడు. విడిపోవడానికి ముందు మేము గవర్నమెంటు లెక్కలో మొగుడూపెళ్ళాలం కావాలన్నమాట. మెట్లు దిగుతూ శంకర్ పగలబడి నవ్వాడు. ఆయన పళ్ళు అంత బాగుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

దరఖాస్తుకు ఇద్దరూ కలిసి దిగిన ఫొటో కావాలన్నారు. రాబర్ట్‌సన్‌పేటలో స్టూడియోకు పోతే ఫొటోగ్రాఫరు మమ్మల్ని దగ్గరికి జరపలేక అలసిపోయాడు. ఏం సార్, కొత్తగా అయిందా, ఇంత సిగ్గుపడతా ఉండారు అన్నాడు. శంకర్ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఫొటో అట్లాగే వచ్చింది. మా పెళ్ళి ఆల్బం మొత్తం వెతికినా మేము అంత బాగున్న ఫొటో ఒక్కటి లేదు. బయటికొచ్చాక దాన్ని చూస్తూ కాసేపు ఏడ్చాను. మనసు మార్చుకోవాలని మాత్రం అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఎందుకిట్లా లేమని ఏడుపొచ్చింది.

ఇక సాక్షులు. ముగ్గురు కావాలి, అమ్మాయి తరఫున తల్లి ఉంటే మంచిదన్నారు. శంకర్ తరఫున ఓబలప్ప వస్తానన్నాడు. మా అమ్మకు నేను చెప్పాలి. ముందురోజు సాయంత్రం టీవీ మోగుతుండగా, ధైర్యం కూడగట్టుకుని ఒక్క గుక్కలో చెప్పేశాను: "మా, రేపు నాదీ శంకర్‌దీ మ్యారేజీ రిజిస్టర్ చేపిస్తా ఉండాము. నువ్వు సాక్షికి రావాల. సెలీనా అక్కను గూడా పిలుచుకొని రా."

అమ్మ టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆమె టీవీ కట్టేయడం నేనెప్పుడూ చూడలేదు. "రిజిస్టర్ మ్యారేజీనా?" అని అడిగింది. అవును అదేనన్నాను. ఎన్ని గంటలకని అడిగింది, చెప్పాను. ఇంకేమీ అడగలేదు, తిట్టలేదు, కూతురివి కాదనలేదు. ఇంత సులువుగా పోతుందనుకోలేదని సంబరపడి హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే నేను జెరాక్సులు తీయించాలని ముందు వెళ్ళాను. శంకరూ ఓబలప్పా బైకు మీద వచ్చారు. కాసేపటికి ఆఫీసు ముందు ఆటో ఆగింది. మా అమ్మ నా పెళ్ళికి కట్టుకున్న పట్టుచీరలో దిగింది. చేతిలో పెద్ద క్యారియరు, అందులోంచి ఒబ్బట్ల వాసన. వెనకాల సెలీనా అక్క, తలలో మల్లెపూలు, రెండు చేతులా అరిటాకులో చుట్టిన రోజా మాలలు. రెండు మాలలు.

సెలీనా అక్క నన్ను కావలించుకుని, "యేసప్ప నా శుక్రవారాలు ఊరికే పోనియ్యలేదు చూడు" అంది. అమ్మ శంకర్ తల నిమిరి, ముందే ఒక మాట చెప్పి ఉంటే మండపమే మాట్లాడేదాన్ని కదప్పా అంది. అప్పుడు అర్థమైంది నాకు. మా కేజీఎఫ్‌లో రిజిస్టర్ మ్యారేజీ అంటే కాగితం పని కాదు. ఇంట్లో ఒప్పుకోని జంటలు వచ్చి, ఆఫీసు మెట్ల మీద దండలు మార్చుకుని చేసుకునే పెళ్ళి. నేను పాత పెళ్ళిని పుస్తకంలో ఎక్కించుకుంటామని చెప్పాను. మా అమ్మ మేము మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నామని విన్నది.

లోపలి నుంచి మా పేర్లు పిలిచారు. ఏమీ చెప్పకపోతే జరిగేది తెలుస్తూనే ఉంది. అమ్మ సంతోషంగా సంతకం చేస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది, నిజం తర్వాతెప్పుడో నెమ్మదిగా చెప్పుకోవచ్చు. అమ్మ మొహం చూస్తే అదే మేలనిపించింది. చెప్పాలనీ అనిపించింది, నోరు మాత్రం పెగల్లేదు. ఇన్నేళ్ళూ శంకర్‌ను ఏ జబ్బు అని తిట్టానో, ఆ జబ్బు సరిగ్గా ఆ నిమిషంలో నాకు అంటుకుంది.

ఆయనే ముందుకొచ్చాడు. "అత్తా, ఇది మల్లా పెళ్ళి కాదు. విడాకులకు కావాల్సిన కాగితం. నిన్ను మోసం చేసి సంతకం పెట్టించుకునేది వద్దు."

అమ్మ క్యారియరు బెంచీ మీద పెట్టింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఓబలప్ప గొంతు సవరించుకుని పక్కకు తిరిగాడు.

"ఆటోలోంచే చూసినాను, ఇద్దరూ నవ్వుకుంటా మాట్లాడుకుంటా ఉండారు" అంది అమ్మ. "నీకు మాట వస్తుంది కదప్పా. నా కూతురికి కావాల్సింది అదే కదా. ఇంగ ఏల విడిపోయేది?"

శంకర్ కాసేపు నేల చూశాడు. మళ్ళీ మూగనోము పట్టాడనుకున్నాను.

"విడిపోతామని తెలిసినంకనే నాకు మాట వచ్చిందత్తా" అన్నాడు. "ఇంట్లో ఉన్నప్పుడు ఏం చెప్తే ఏమనుకుంటుందో అని భయం. చెప్పాలనుకునేది గొంతులోనే నిలిచిపోయేది. ఇప్పుడు పోగొట్టుకునేది ఏమీ లేదు గదా, అదే వచ్చేస్తా ఉండాది. మల్లా ఒక ఇంట్లో పెడితే మల్లా మూసుకుపోతుంది, నాకు తెలుసు. సవిత శానా దినాలు కాచుకునింది. ఇంగ చాలు."

నా గురించి ఆయన అంత మాట అనడం అదే మొదటిసారి. నాకు కళ్ళు మసకబారాయి. సెలీనా అక్క మాలలు పట్టుకునే శిలువ గుర్తు వేసుకోబోయి, చేయి ఖాళీ లేక ఊరుకుంది.

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు ఇదే కావల్నా?"

"అవును మా" అన్నాను. "నువ్వు గూడా కావాల. నువ్వు వద్దంటే ఈ దినం చేయను. కానీ అక్కడికి మల్లా పోలేను."

అమ్మ కొంగు సర్దుకుంది. ఎన్నిసార్లు పిలవాలమ్మా అని లోపలి గుమాస్తా కన్నడంలో అరుస్తున్నాడు. అమ్మ ఆయన బల్ల దగ్గరికి నడిచి, సంతకం యాడ పెట్టాలని అడిగింది. ఆదిలక్ష్మమ్మ అని తెలుగులో, ఒక్కో ఒత్తూ దిద్దినట్టు రాసింది. గుమాస్తా అమ్మ పట్టుచీరా మాలలూ చూసి, శుభవాగలి అని మమ్మల్ని దీవించాడు. ఎవరమూ ఆయన్ని సరిదిద్దలేదు.

మాలలు ఏం చేయాలో తెలియక సెలీనా అక్క ఒకటి దారిలో మేరీమాత గుడికి ఇస్తానంది. రెండోది ఓబలప్ప సుగటూరు స్వామికని తీసుకున్నాడు, పత్రిక తిరిగొచ్చేదాకా దీన్ని చూపించి సర్దిచెప్తానన్నాడు. చేసిన ఒబ్బట్లు మాత్రం వెనక్కి తీసుకుపోయేది లేదంది అమ్మ. మాలలు చుట్టిన అరిటాకులు చించి, ఆఫీసు మెట్ల మీదే అందరికీ వేసింది, గుమాస్తాకు కూడా లోపలికి పంపింది. శంకర్ తిని, ఆకు చాచి, "ఇంగొకటి వేయత్తా" అన్నాడు. పన్నెండేళ్ళలో ఆయన మా అమ్మను నోరు తెరిచి అడిగింది అదే. అమ్మ రెండు వేసింది.

తిరుగు ఆటోలో సెలీనా అక్క గుడి దగ్గర దిగిపోయాక, నేనూ అమ్మా మిగిలాము. అమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికి పోయాక ఏమంటుందోనన్న భయం నాకు ఇంకా పోలేదు. మారికుప్పం దగ్గరపడుతుండగా నా చేతిలోంచి ఆ సర్టిఫికెట్ తీసుకుంది. తలకిందులుగా పట్టుకుని చూసి, తిప్పి, మళ్ళీ చూసింది.

"మీ నాయన కాలంలో గూడా ఉండిందా ఇది?" అని అడిగింది.

"ఏది మా?"

"ఈ విడాకులు. కాగితాలు పెట్టి కోర్టులో అడిగేది."

"ఉండింది మా. ఏల?"

"ఉన్నట్లు తెలిసుంటే నేనూ ఒక అర్జీ వేసుంటాను."

నేను తిరిగి ఆమె మొహంలోకి చూశాను. అమ్మ నవ్వుతోంది. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

"విడిపోయేదానికి కాదు లేవే" అంది. "మీ నాయన ఏం మాట్లాడతాడో ఒకసారి విందామని."